ఆ ఆయాసాన్ని దాచిపెట్టాను!

మా ఇంట్లో టీవీ పక్కన ఒక ప్లాస్టిక్ వస్తువు ఉంటుంది. మూడు గొట్టాలు, మూడు బంతులు, పక్కన ఒక పైపు. మా అక్క కూతురికి ఆరేళ్లు. సెలవులకు మధిర వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకునే తిరుగుతుంది. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు పైకి లేస్తాయి. తను ఒక్క లాగుకే మూడూ లేపేసి, "మామయ్యా, నువ్వు ఫస్ట్ టైమ్ ఎన్ని లేపావ్?" అని అడుగుతుంది.

మొదటిరోజు నేను ఒక్క బంతి కూడా లేపలేకపోయాను. ఆ మాట దానికి చెప్పను. మీకు మాత్రం చెప్పాలి. ఎందుకంటే మీలో కొందరు ఫోన్‌లో ఆ బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు చూస్తూ ఉంటారు. నేనూ చూశాను. ఆ రెండు ఫొటోల మధ్య ఊపిరి ఏమవుతుందో ఏ ఫొటోలోనూ కనపడదు.

మాది మధిర. మూడెకరాల మిరప తోట, స్టేషన్‌కి దగ్గర్లో ఒక పాత డాబా ఇల్లు. నేను కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. 2021లో నా బరువు 134 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే ఇంటినుంచి అరగంట ముందు బయల్దేరేవాణ్ని. నడకకు ఐదు నిమిషాలు చాలు. మిగతా టైమంతా స్టేషన్‌లో మెట్ల వంతెన కోసం. పది మెట్లెక్కి ఆగడం, ఫోన్ చూస్తున్నట్టు నటించడం, మళ్లీ పది మెట్లు. ఆయాసాన్ని దాచుకోవడం నాకు అప్పుడే అలవాటైంది. ఆ అలవాటే తర్వాత నా మీదికొచ్చింది.

రాత్రిళ్లు ఇంకా ఘోరం. వెల్లకిలా పడుకుంటే గుండెల మీద బస్తా పెట్టినట్టుండేది. నా గురక గురించి మా నాన్న, "లారీ గేరు మార్చినట్టుందిరా" అనేవాడు. మధ్యలో గురక ఆగిపోతే అమ్మ లేచి కూర్చునేది. ఆగినప్పుడు ఊపిరి కూడా ఆగేదట. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారని తర్వాత తెలిసింది. మన ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అనే కండర పొర గొడుగులా ఉంటుంది. అది కిందికి దిగితేనే గాలి లోపలికొస్తుంది. పొట్టలో కొవ్వు నిండిపోతే దానికి దిగడానికి చోటుండదు. పడుకున్నప్పుడు ఆ బరువంతా పైకి తన్నుతుంది. మెడ దగ్గరి కొవ్వు గొంతు దారిని ఇరుకు చేస్తుంది. నా సమస్య మొత్తం అదే.

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అంటే జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేస్తారు. అప్పట్నుంచి ఇడ్లీ ఒకటిన్నర తింటే చాలు. ఏడాదిన్నరకి 78 కిలోలకు దిగాను. 56 కిలోలు పోయాయి! గురక పోయింది. మెట్ల వంతెన ఒక్క ఊపున ఎక్కేశాను. పైన నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుని, వైరా నది వైపు చూస్తూ ఊరికే నవ్వుకున్నాను. పక్కనే సమోసాలమ్మే అతను వింతగా చూశాడు.

కథ అక్కడితో అయిపోతే బావుండేది.

లావు పోయింది గానీ చర్మం ఎక్కడికీ పోలేదు. బొడ్డు కింద నుంచి సంచిలా వేలాడేది. రబ్బరు బ్యాండును ఏళ్లకేళ్లు సాగదీస్తే మళ్లీ ముడుచుకోదు కదా, అలాగే. చొక్కా టక్ చేస్తే బెల్టు మీద నుంచి పొర్లేది. పరిగెత్తితే రెండు చేతులతో పట్టుకోవాలి. అన్నిటికన్నా ఎండాకాలం. ఖమ్మం జిల్లా ఎండలు మీకు తెలుసుగా! ఆ మడత కింద చెమట ఆరేది కాదు. దద్దుర్లు, ఫంగస్, వాసన. రోజుకి మూడుసార్లు కడుక్కుని, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టుకుని, పౌడర్ వేసుకునేవాణ్ని. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఎదురుగా కూర్చుని, నా దగ్గర వాసనొస్తోందా అని మాత్రమే ఆలోచించేవాణ్ని. ఆ అమ్మాయి ఏమడిగిందో కూడా గుర్తులేదు.

అప్పుడు డాక్టర్ చెప్పిన మాట: అబ్డామినోప్లాస్టీ. మనోళ్లు టమ్మీ టక్ అంటారు. ఇది కొత్తదేం కాదు. అమెరికాలో హోవర్డ్ కెల్లీ అనే డాక్టర్ 1899లోనే, వేలాడే పొట్ట చర్మాన్ని కోసి తీసిన కేసు గురించి రాశాడు. ఇప్పుడు చేసే ఆపరేషన్‌లో రెండు పనులుంటాయి. ఒకటి, మిగిలిపోయిన చర్మాన్ని, దాని కింది కొవ్వును కోసి తీసేయడం. రెండోది మాత్రం చాలామందికి తెలియదు. పొట్ట మధ్యలో నిలువుగా రెండు కండరాలుంటాయి. లావయినప్పుడో, ఆడవాళ్లకైతే కాన్పులప్పుడో అవి పక్కలకి జరిగిపోతాయి. వాటిని దగ్గరకి లాగి, పై నుంచి కింది దాకా కుడతారు. ఊపిరితో పేచీ వచ్చేది ఈ రెండో పనితోనే.

"పెద్ద సూట్‌కేసులో సర్దిన బట్టలన్నీ చిన్న సూట్‌కేసులో పెట్టి జిప్పు లాగితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది కొన్నాళ్లు. లోపల జాగా తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, డయాఫ్రమ్ పైకి జరుగుతుంది. నిండుగా ఊపిరి అందదు. శరీరం మెల్లగా అలవాటు పడుతుంది" అన్నాడాయన. బరువు ఏడాదిగా నిలకడగా ఉందా అని అడిగాడు. రక్తంలో హిమోగ్లోబిన్, ప్రొటీన్, బీ12 చూశారు. మత్తు డాక్టర్ ఊదుడు పరీక్ష చేయించి, "సిగరెట్ తాగుతావా?" అంది. అప్పుడప్పుడు అన్నాను. "అప్పుడప్పుడు కూడా వద్దు. ఆరు వారాల ముందు మానేస్తేనే నిన్ను టేబుల్ ఎక్కిస్తా" అంది. మానేశాను. సిగరెట్ మానితే ఊపిరితిత్తులకే కాదు, కోసిన చర్మం మానడానికి కూడా మంచిదట.

డబ్బు దగ్గర ఇల్లు రెండుగా చీలింది. స్లీవ్ ఆపరేషన్‌కి బీమా వచ్చింది, నా బీఎంఐ 40 దాటింది కాబట్టి. దీనికి రాదన్నారు. మన ఆరోగ్య బీమాల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకు మినహాయింపు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసేవి, వైద్యపరంగా తప్పనిసరి అని తేలినవి తప్ప. నా చిట్టీ డబ్బులున్నాయి. అవి చాలవు. నాన్న ఒక్కటే మాట అన్నాడు:

"పాణం మీదికొస్తే పొలం అమ్మైనా చేయిస్తారా. అందానికి లచ్చలు పెడతారా ఎవడన్నా? మగపిల్లోడివి, చొక్కా కింద ఏముందో ఎవడు చూస్తాడు?"

నా దగ్గర జవాబు లేదు. పుండ్ల సంగతి నాన్నకి చెప్పుకోలేకపోయాను. చివరికి అక్క, బావ సాయం చేశారు. నాన్న మౌనంగా ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. బయట ఎవరికీ చెప్పకూడదు. "హెర్నియా అని చెప్పండి" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. అలా మేం నలుగురం కలిసి ఒక అబద్ధం ఆడాం.

నిజం చెప్పాలంటే ఆ సిగ్గు నాకు నాన్న నేర్పింది కాదు. నాలో ముందే ఉంది.

నా ఎనిమిదేళ్ల వయసులో 'నువ్వు నాకు నచ్చావ్' వచ్చింది. 2001. అందులో నందిని, అదే ఆర్తి అగర్వాల్, నా మొదటి ఇష్టమైన హీరోయిన్. 'ఇంద్ర', 'నువ్వు లేక నేను లేను'... టీవీలో ఎప్పుడొచ్చినా చూసేవాణ్ని. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన అమ్మాయి, మన తెలుగింటి పిల్లలా అనిపించేది. తర్వాత ఆమె లావయింది. జనం ఆమె సినిమాల గురించి మానేసి, లావు గురించి మాట్లాడారు. 2015 జూన్ 6న ఆమె న్యూజెర్సీలో చనిపోయింది. అప్పటికి కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని, శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది పడిందని వార్తలొచ్చాయి. వయసు 31.

ఆ రోజు నేను ఖమ్మంలో ఒక టీ కొట్టు దగ్గరున్నాను. డిగ్రీ అయిపోయిన కొత్త. ఫ్రెండ్స్ అంతా ఫోన్లలో ఆ వార్తే చూస్తున్నారు. "తిండి తగ్గిస్తే పోయేదానికి ఆపరేషన్లెందుకురా వీళ్లకి?" అని ఒక మాట వినపడింది. ఆ మాట అన్నది నేనే. అప్పటికే 110 కిలోలున్న నేను, చేతిలో మిర్చి బజ్జీ పట్టుకుని అన్నాను. అందరూ నవ్వారు.

లైపోసక్షన్, టమ్మీ టక్ ఒకటి కావు. మొదటిదాంట్లో గొట్టంతో కొవ్వు లాగుతారు, రెండోదాంట్లో చర్మం కోసి కండరం కుడతారు. ఆమె విషయంలో అసలు కారణమేంటో తేల్చడం నా పని కూడా కాదు. నేను చెప్పేది నా గురించి. తొమ్మిదేళ్ల తర్వాత, సరిగ్గా 31 ఏళ్ల వయసులో, నేను కూడా ఒక ఆపరేషన్ టేబుల్ ఎక్కాను. నా టీ కొట్టు మాట నాతోపాటే వచ్చింది.

2024 ఫిబ్రవరి. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తీసిన చర్మం మూడు కిలోల పైనే ఉందన్నారు. మెలకువ వచ్చాక మొదట తెలిసింది నొప్పి కాదు. ఊపిరి సగంలో ఆగిపోవడం. పీలుస్తుంటే ఒక చోట గోడ తగిలినట్టు ఆగిపోయేది. ఆవులింత కూడా పూర్తయ్యేది కాదు. ఆవులింత మధ్యలో తెగిపోతే ఎంత చికాగ్గా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది! నడుం దగ్గర విల్లులా వంచి పడుకోబెట్టారు, తల ఎత్తుగా, మోకాళ్ల కింద దిండు. నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి కాబట్టి వారం, పది రోజులు వంగే నడవాలి. పొట్ట చుట్టూ బెల్టు. పక్కన రెండు డ్రెయిన్ గొట్టాలు.

అప్పుడే ఫిజియోథెరపీ అమ్మాయి ఆ మూడు బంతుల బొమ్మ తెచ్చింది. గొట్టాల మీద 600, 900, 1200 అని అంకెలున్నాయి. సెకనుకు అన్ని మిల్లీలీటర్ల వేగంతో గాలి లాగితే ఆ బంతి లేస్తుంది. నేను లాగాను. మొదటి బంతి వణికింది, లేవలేదు.

"నొప్పని పైపైన ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగు భాగం తెరుచుకోదు సార్. కఫం చేరుతుంది, న్యుమోనియా రావచ్చు. గంటకోసారి పది లాగులు. దగ్గొస్తే ఆపుకోకండి. దిండు పొట్టకి గట్టిగా హత్తుకుని దగ్గండి" అంది. అదే రోజు సాయంత్రం నన్ను లేపి వరండాలో నడిపించింది. తిట్టుకున్నాను గానీ, ఆ నడకే మందని తర్వాత తెలిసింది. రెండో రోజుకి ఒక బంతి. నాలుగో రోజుకి రెండు. ఇంటికి పంపేటప్పుడు మూడు విషయాలు మరీమరీ చెప్పారు. ఒకటి, రోజూ నడవాలి. రెండు, రక్తం పలచనయ్యే ఇంజెక్షన్ పది రోజులు పొట్ట పక్కనో, తొడకో వేయించుకోవాలి. మూడు, పిక్క నొప్పి, వాపు, ఉన్నట్టుండి ఆయాసం, ఈ మూడిట్లో ఏదొచ్చినా అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి. ఇంకో మాట కూడా అన్నారు: "రెండు వారాలు హైదరాబాద్‌లోనే ఉండండి. మీ ఊళ్లో ఇప్పుడు మిర్చి ఘాటు కదా."

నేను ఏడో రోజున బయల్దేరాను. అక్క వాళ్ల రెండు గదుల ఇంట్లో ఇబ్బందిగా ఉందని, మిరప కోతలకి నాన్న ఒక్కడే అయిపోయాడని, సాకులు బోలెడు. కారులో నాలుగున్నర గంటలు. మధ్యలో దిగి నడవాలని తెలుసు. కానీ వంగి నడుస్తుంటే దాబా దగ్గర జనం చూస్తారని దిగలేదు.

ఇంటికొచ్చేసరికి కల్లంలో ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. కూలీలు తాలు కాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకి మామూలు మనిషికే తుమ్ములొస్తాయి. నాకు దగ్గు పట్టుకుంది. ఒక్కో దగ్గుకి కుట్లన్నీ తెగిపోతాయేమో అన్నంత నొప్పి. ఆ నొప్పికి భయపడి దగ్గు ఆపుకోవడం, ఊపిరి పైపైన తీసుకోవడం మొదలుపెట్టాను. మూడు బంతుల బొమ్మని అటక మీద దాచాను. ఎందుకంటే చుట్టాలు వస్తున్నారు. హెర్నియా చేయించుకున్నవాడి దగ్గర ఆ బొమ్మెందుకని అడిగితే ఏం చెప్పాలి?

బాబాయి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. "మా పక్కింటాయన కూడా హెర్నియానే. మూడో రోజుకి ట్రాక్టర్ ఎక్కాడు. నువ్వేందిరా ఇంకా వంగిపోయి నడుస్తన్నావ్?" అని నవ్వాడు. ఆయన ఉన్నంతసేపూ నేను కుర్చీలో నిటారుగా కూర్చుని నటించాను.

ఇక ఇంజెక్షన్. మా వీధి ఆర్‌ఎంపీ గారితో వేయించుకోవాలి. ఆయన మందు పేరు చూస్తే, "హెర్నియాకి ఇదెందుకు?" అంటాడు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని రెండు రోజులు వేయించుకోలేదు. అమ్మ అడిగితే వేయించుకున్నా అన్నాను.

మూడో రోజు ఎడమ పిక్క పట్టేసింది. కారులో కూర్చున్నందుకు అనుకున్నాను. రాత్రి పదకొండుకి ఆయాసం మొదలైంది.

ఈ తేడా మీకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత వచ్చే బిగుతు ఆయాసం నాకు పది రోజులుగా తెలుసు. అది పీల్చేటప్పుడు గోడ తగిలినట్టుంటుంది. కదలకుండా పడుకుంటే సర్దుకుంటుంది. రోజు రోజుకీ కొంచెం తగ్గుతుంది. ఈ రాత్రిది అలా కాదు. ఉన్నట్టుండి వచ్చింది. కూర్చున్నా, పడుకున్నా తగ్గలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా కుడి పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టయింది. గుండె దడదడా కొట్టుకుంది. ఒళ్లంతా చల్లటి చెమట. ఏదో అయిపోతోందనే భయం.

అయినా నేను ఎవర్నీ లేపలేదు.

ముందు గదిలో పెద్దమ్మ వాళ్లు పడుకున్నారు. లేపితే రభస. డాక్టర్ అర్ధరాత్రైనా చేయమన్న ఫోన్ నా చేతిలోనే ఉంది. చేయలేదు. 'కోరి తెచ్చుకున్నావ్, అనుభవించు' అని నాకు నేనే చెప్పుకున్నాను. నాన్న ముఖంలోకి చూసి, ఊపిరాడటం లేదని ఎలా చెప్పను? అందానికని చేయించుకున్న ఆపరేషన్‌కి జాలి అడిగే హక్కు లేదనుకున్నాను. టీ కొట్టు దగ్గర నేనన్న మాట తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. తెల్లారేదాకా ఓర్చుకుందాం అనుకున్నాను.

ఒంటిగంటప్పుడు అమ్మ మంచినీళ్లకి లేచింది. లైటేసి నా వైపు చూసింది. అమ్మ ఏ పరీక్షా చేయలేదు. పాతికేళ్లు ఎడ్లని చూసిన మనిషి. చొక్కా లేని నా పక్కటెముకల వైపు ఒక్క నిమిషం చూసి, "ఏందయ్యా, డొక్కలు ఎగరేస్తన్నావ్?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. ఆ రెండు మాటలకి రెండుసార్లు ఊపిరి పీల్చాల్సి వచ్చింది. అమ్మ నాన్నని లేపింది. పెద్దమ్మ లేచింది. ఊరు లేచినా సరే అన్నట్టు అరిచింది. 108కి ఫోన్ చేశారు.

అంబులెన్స్ కుర్రాడు నా వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు. 89. నాడి 124. "ఏం ఆపరేషన్ అయింది?" అని అడిగాడు. చుట్టూ పక్కింటివాళ్లు. నాన్న అలవాటు కొద్దీ, "హెర్నియా బాబూ" అన్నాడు.

అప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. ఈ అబద్ధం ఇప్పుడు నన్ను చంపేస్తుంది. మాస్కు పక్కకి జరిపి, ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి ఖర్చుపెట్టి చెప్పాను. "కాదు... టమ్మీ టక్... పది రోజులైంది... పిక్క నొప్పి... ఇంజెక్షన్ మానేశా." ఆ కుర్రాడి ముఖం మారిపోయింది. ఖమ్మం ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి అవే నాలుగు మాటలు చెప్పాడు.

మధిర నుంచి ఖమ్మం గంట పైనే దారి. నాన్న నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

సీటీ స్కాన్‌లో తేలింది. పిక్కలో గడ్డకట్టిన రక్తం ముక్క ఒకటి విడిపోయి, గుండె మీదుగా ఊపిరితిత్తి రక్తనాళంలోకి వెళ్లి ఇరుక్కుంది. పల్మనరీ ఎంబాలిజమ్ అంటారు. అదృష్టం, నాది చిన్నదే. పెద్దదైతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇది ఆపరేషన్ చెడిపోవడం వల్ల వచ్చింది కాదు. పెద్ద ఆపరేషన్ ఏదైనా రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. కాస్మెటిక్ ఆపరేషన్లలో ఈ ముప్పు కాస్త ఎక్కువున్న వాటిలో అబ్డామినోప్లాస్టీ ఒకటి. కండరాలు బిగించి కుట్టడంతో పొట్టలో ఒత్తిడి పెరిగి, కాళ్లనుంచి పైకి రావాల్సిన రక్తం నెమ్మదిస్తుంది. దానికితోడు కదలకుండా కూర్చోవడం. అందుకే నడవమనేది, అందుకే ఆ ఇంజెక్షన్లు. వాళ్లు చెప్పిన మూడు మాటల్లో మూడూ నేను తప్పాను.

ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తర్వాత మూడు నెలలు రక్తం పలచనయ్యే మాత్రలు. డిశ్చార్జి ముందు రోజు నాన్న మంచం పక్కన కూర్చుని, "పుండ్లు పడేయట గదరా. మీ అక్క చెప్పింది. నాకెందుకు చెప్పలా?" అన్నాడు. "సిగ్గేసింది నాన్నా" అన్నాను. ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, "నాక్కూడా అంతే" అన్నాడు. ఆయనకి దేని గురించి సిగ్గో అడగలేదు.

ఇంటికెళ్లాక అటక మీద బొమ్మ కిందికి దించి, టీవీ పక్కన అందరికీ కనపడేలా పెట్టాను. కల్లం పని అయ్యేదాకా ఊరి లోపల పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. రోజూ పొద్దున, సాయంత్రం నడక. మూడు వారాలకి నడుం నిటారయింది. ఆరు వారాలకి మూడో బంతి లేచింది. ఆ రోజు అమ్మ పాయసం చేసింది. నేను రెండు చెంచాలే తిన్నాను, నా జీర్ణాశయానికి అంతే చోటు!

ఇప్పుడు ఊపిరి ఎలా ఉందని అడుగుతారు కదా. బావుంది. మామూలుగా ఈ ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల కొలతలు తగ్గుతాయి, కొన్ని వారాల్లో మళ్లీ పాత స్థాయికి వచ్చేస్తాయి. నాకు గడ్డ వల్ల ఇంకాస్త ఆలస్యమైంది. ఒక్క విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. నా గురక పోయింది, మెట్లెక్కగలిగింది బరువు తగ్గడం వల్ల. టమ్మీ టక్ ఆయాసానికి మందు కాదు. అది నా పుండ్లు తగ్గించింది, నడుం నిలబెట్టింది, చొక్కా టక్ చేసుకునే ధైర్యం ఇచ్చింది. నా వరకు అవి చిన్న విషయాలేం కావు. బొడ్డు కింద ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకి మచ్చ ఉంటుంది. అయినా మళ్లీ అడిగితే చేయించుకుంటాను. అబద్ధం మాత్రం ఆడను.

మీలో ఎవరైనా దీని గురించి ఆలోచిస్తుంటే, డబ్బులు, ఫొటోలు, మచ్చ ఎంత కనపడుతుంది అని లెక్కలేస్తుంటే, ఇంకొక్కటి కూడా కలపండి. ఆపరేషన్ తర్వాత నెల రోజులు మీ పక్కన ఉండే మనిషికి పూర్తి నిజం తెలిసుండాలి. ఏం ఆపరేషన్, ఏ మందులు, ఏ లక్షణం వస్తే పరిగెత్తాలి, అన్నీ. మెల్లగా తగ్గుతున్న బిగుతుకి భయపడక్కర్లేదు. ఉన్నట్టుండి వచ్చే ఆయాసం, ఊపిరి పీలిస్తే పోటు, ఒక కాలి వాపు, వీటికి తెల్లారేదాకా ఆగక్కర్లేదు, ఆగకూడదు. కోరి చేయించుకున్నా, తప్పక చేయించుకున్నా ఊపిరి ఒక్కటే. లావుగా ఉంటే నవ్వి, తగ్గించుకోబోతే మళ్లీ నవ్వే మాటలు నావంటివి మీ చుట్టూ చాలా ఉంటాయి. ఆ మాటలకి భయపడి ఆయాసం దాచుకోకండి.

మొన్న సంక్రాంతికి నాన్నా నేనూ స్టేషన్ రోడ్డులో టీ తాగుతున్నాం. నాన్నకి తెలిసిన ఒకాయన వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "మీవోడు బాగా సన్నబడ్డాడే! ఏదో హెర్నియా ఆపరేషన్ అయిందంటగా?" అన్నాడు.

నేను గ్లాసులోకి చూశాను. నాన్న బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"హెర్నియా కాదు. లావు తగ్గినంక పొట్ట మీద చర్మం ఏలాడి పుండ్లు పడతంటే కోసి తీసేశారు. మంచి ఆపరేషనే. గానీ జాగర్తగా ఉండాల" అన్నాడు.

ఆయన ఇంకేదో అడగబోతే, నాన్న చేత్తో ఆపి, నా వైపు తిరిగాడు. "చల్లారిపోతంది, తాగరా" అన్నాడు.